ఎనామిల్ డయల్ వాచీ: బేరం నుంచి చేతికి పెట్టుకునే దాకా

చేత్తో చేసిన ఎనామిల్ డయల్ ఉన్న వాచీ ఒకటి సొంతం కావాలని చాలా ఏళ్ళుగా నా కోరిక. కొత్తవి కొనే స్తోమత లేదు. పాతది ఒకటి విజయవాడ వన్‌టౌన్‌లో దొరికింది. అది నిజంగా ఎనామిలేనా అని చూసుకోవడం, బేరం కుదరడం, డయల్‌కి దెబ్బ తగలకుండా మిషన్ బాగుచేయించడం, చివరికి దానికి బెల్టు కుట్టించడం, ఇవన్నీ ఎలా జరిగాయో రాస్తున్నాను. గుంటూరు, విజయవాడ ఇళ్ళల్లో ఇలాంటి వాచీలు బీరువా అరల్లో ఇంకా ఉన్నాయి. నా అనుభవం చదివి వాటిలో ఒక్క డయల్‌ని ఎవరైనా కాపాడుకున్నా నాకు చాలా సంతోషం.

ఎనామిల్ మీద నాకింత ఇష్టం ఎందుకో ముందు చెప్పాలి. మామూలు వాచీ డయల్ మీద ఉండేది రంగు. అది ఎండకి వెలుస్తుంది, చెమ్మ తగిలితే పొక్కుతుంది, పాతబడితే పచ్చబడుతుంది. ఎనామిల్ అంటే గాజు. గాజుని మెత్తగా నూరి, నీళ్ళతో కడిగి, ఆ పొడిని పల్చటి రాగి బిళ్ళ మీద సమంగా పరిచి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న కొలిమిలో పెడతారు. పొడి కరిగి రాగిని పట్టుకుంటుంది. తీసి, చల్లార్చి, మళ్ళీ పొడి పరిచి మళ్ళీ కాలుస్తారు. ఒక్కో డయల్ ఇలా ఎన్నోసార్లు కొలిమిలోకి వెళ్ళి వస్తుంది. వెళ్ళిన ప్రతిసారీ పగలొచ్చు, బుడగ రావచ్చు, ఎక్కడిదో ఒక నలక పడి నల్లచుక్క తేలొచ్చు. ఆఖరి కాల్పులో చెడినా ఆ బిళ్ళ పక్కన పడేయాల్సిందే. రంగులొచ్చేది లోహాల ఆక్సైడ్ల వల్ల. కోబాల్ట్ నీలాన్నిస్తుంది, తగరం చిక్కటి తెలుపునిస్తుంది. ఆ రంగు గాజులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎన్నేళ్ళయినా వెలవదు.

జైపూర్ మీనాకారీ నగలు చూసినవాళ్ళకి ఇది తెలిసిన పనే. లోహంలో గుంటలు చెక్కి వాటిలో మీనా నింపుతారు కదా, అదే పనిని వాచీ డయల్ మీద చేస్తే షాంలెవే అంటారు. చెక్కడానికి బదులు సన్నటి బంగారు తీగను వంచి గళ్ళు కట్టి, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపితే క్లాజొనే. తెల్ల ఎనామిల్ మీద సన్న కుంచెతో బొమ్మ వేసి, విడతలు విడతలుగా కాల్చి, పైన పారదర్శకమైన గాజు పొర కప్పే పద్ధతికి జెనీవా పెట్టింది పేరు. స్విట్జర్లాండ్‌లో అనీతా పోర్షే అనే కళాకారిణి ఈ పనుల్లో దిట్ట. పెద్ద పెద్ద కంపెనీలు ఆమె చేత డయళ్ళు చేయించుకుంటాయి. ఇలాంటి డయళ్ళు చేసే చిన్న కార్ఖానాలు మిగిలినవే తక్కువ. అలాంటి డోంజే కద్రాన్ని 2011లో యులిస్ నార్డాన్ కంపెనీ ఏకంగా కొనేసుకుంది.

ఇక ధరలు. 2019 నవంబరులో హాంకాంగ్‌లో జరిగిన క్రిస్టీస్ వేలంలో నీలం ఎనామిల్ డయల్ ఉన్న పటెక్ ఫిలిప్ 2523 మోడల్ వాచీ 7 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. అంత పైకి వెళ్ళకపోయినా చేతిపని ఎనామిల్ బొమ్మ ఉన్న కొత్త వాచీ ఏదైనా లక్షల్లోనే మాట. ఆ స్థాయిలో కొనగలిగిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి: 10 లక్షలు దాటిన చేతి గడియారం మీద 2025 ఏప్రిల్ 22 నుంచి షాపువాళ్ళు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే పన్ను, వసూలు చేస్తున్నారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు చూపించుకోవచ్చు, బిల్లు పారేయకండి.

నా దారి వేరు. చేతి గడియారాలు కొత్తగా వాడుకలోకి వచ్చిన రోజుల్లో, అంటే 1910ల్లో, ఎనామిల్ డయల్ మామూలు వాచీలకి కూడా ఉండేది. జపాన్‌లో మొదటి చేతి గడియారం, 1913లో వచ్చిన సీకో లారెల్, ఎనామిల్ డయల్‌దే. తర్వాత తర్వాత చవగ్గా అయ్యే, కింద పడ్డా పగలని లోహపు డయళ్ళు వచ్చి దీన్ని పక్కకి నెట్టేశాయి. ఈ రోజుల్లో గొప్పగా చెప్పుకునే కొలిమి పనే ఆ పాత వాచీల్లోనూ ఉంది. బొమ్మలుండవు, తెల్లటి డయల్, నల్లటి అంకెలు, అంతే. నాకదే చాలు.

వెతకడం మొదలుపెట్టాక మొదట కనపడింది గుంటూరులోనే, పట్నంబజారులో తెలిసినవాళ్ళ దగ్గర. డయల్ బాగుంది. కానీ అంకెల మీద, ముళ్ళ మధ్య ఖాళీలో గోధుమ రంగు ముద్దలాంటిది ఎండిపోయి ఉంది. చీకట్లో వెలగడానికి ఆ కాలంలో పూసిన రేడియం అది. బండ్ల మీద అతికించే ఇప్పటి రేడియం స్టిక్కర్లలో రేడియం ఏమీ ఉండదు. ఆ వాచీల్లో మాత్రం నిజంగానే ఉండేది. వెలుగు ఎప్పుడో పోయుంటుంది, ఎందుకంటే దాంతో కలిపిన జింక్ సల్ఫైడ్ పాడైపోతుంది. రేడియం పోదు. అది సగానికి తగ్గడానికే సుమారు 1,600 ఏళ్ళు పడుతుంది. మూత తీసినప్పుడు ఆ పొడి రాలి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. పిల్లలు తిరిగే ఇల్లు మాది, వద్దనుకున్నాను. మీకు అలాంటిది కనపడితే మూత తీయకండి, గోటితో గీకి చూడకండి.

వన్‌టౌన్ వాచీ సంగతి మా కాలేజీలో పనిచేసే ఒకావిడ చెప్పింది. వాళ్ళ దూరపు బంధువులు, పెద్ద వయసు దంపతులు, పిల్లలంతా అమెరికాలో. ఆయన తాతగారు మద్రాసులో కొన్న వాచీ. పిల్లలు మాకొద్దన్నారట, నడవదు కూడా. నగల షాపులో తూకం వేయించి, వెండి కింద ఇచ్చేద్దామనుకుంటున్నారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వెండి డొక్కు, అంటే వాచీ బయటి గూడు, కరిగించడానికి పోతే డయల్ చెత్తబుట్టలోకి పోతుంది. ఎన్ని వాచీలు అలా పోయాయో.

మర్నాడే కాలేజీకి సెలవు పెట్టి రైలెక్కాను. నా బ్యాగులో పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంది, నగల షాపుల్లో వజ్రాలు చూడ్డానికి వాడేది. పెద్దావిడ వాచీని జాకెట్ ముక్కలో చుట్టి తెచ్చి చేతిలో పెట్టింది. లైటు కింద వద్దని చెప్పి వసారాలోకి తీసుకెళ్ళి ఎండ నేరుగా పడనిచోట కూర్చుని చూశాను. ఇది ఎవరికైనా చెప్తాను: ఎనామిల్‌ని పగటి వెలుతురులోనే చూడాలి, వాచీని మెల్లగా వంచుతూ చూడాలి.

కంటికి ఆనించుకోగానే అర్థమైంది. అచ్చు వేసిన డయల్ అయితే కాగితంలా చదునుగా ఉంటుంది. ఇది కదపకుండా తోడుకున్న పెరుగు పైభాగంలా ఉంది, నునుపే కానీ వెలుతురు పాకేకొద్దీ ఎక్కడో చిన్న ఒంపు తెలుస్తోంది. అంచు దగ్గర, మధ్యలో ముళ్ళు దిగే రంధ్రం దగ్గర ఎనామిల్ గుండ్రంగా లోపలికి వాలి ఉంది. కరిగిన గాజు అంచుల్లో అలాగే ఆగుతుంది, రంగు ఆగదు. నల్ల అంకెలు పైన తేలుతున్నట్టు కాక గాజులోకి దిగినట్టున్నాయి. 12 ఒక్కటే ఎరుపు. ఆ కాలపు వాచీల్లో ఈ ఎర్ర 12 చాలా కనిపిస్తుంది, నాకెందుకో అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. కింద 6 దగ్గర సెకన్ల ముల్లు తిరిగే చిన్న గుండ్రం విడిగా చేసి, ఒక మెట్టు లోతుగా అతికించారు. ఆ మెట్టు అంచు పదునుగా, ఎక్కడా పగలకుండా ఉంది.

లోపాలు కూడా చూశాను. మధ్య నుంచి 2 వైపు ఒక వెంట్రుక గీత. వాచీని ఒక కోణంలో వంచితే మెరుస్తుంది, ఇంకో కోణంలో మాయమవుతుంది. గాజు లోపలికి దిగిన గీత అలాగే చేస్తుంది. పైన పెన్నుతో గీసినట్టు ఎటు చూసినా ఒకేలా కనపడితే అనుమానించాలి. 8 పక్కన అంచులో చిన్న పెచ్చు లేచిపోయి ఉంది, గోటి చివరంత కూడా లేదు. డయల్ మీద కంపెనీ పేరు లేదు. అది లోటేం కాదు, అమ్మే షాపులవాళ్ళు తయారుచేసినవాళ్ళ పేరు ఒప్పుకునేవాళ్ళు కాదు గనక అప్పట్లో పేరులేని స్విస్ వాచీలు బోలెడు. వెనక మూత లోపల 0.935 ముద్ర ఉంది, వెండి నాణ్యతది.

పెద్దావిడ చాలాసేపు నన్నే చూస్తూ కూర్చుంది. "నడవని వాచీలో అంతసేపు ఏం చూస్తున్నావమ్మా?" అంది. భూతద్దం ఆవిడ చేతికిచ్చి డయల్ చూపించాను. పెద్దాయన కూడా వచ్చి చూశాడు. నగల షాపువాళ్ళు వెండికి ఎంతిస్తామన్నారో చెప్పి, అంత ఇస్తే తీసుకెళ్ళమన్నాడు. నేను ఒప్పుకోలేదు. "బాబాయ్ గారూ, మీరు చెప్పింది డొక్కు ఖరీదు. నేను కొంటున్నది లోపలున్న డయల్" అని, నడిచే స్థితిలో ఉంటే ఇలాంటివి ఎంతకి పోతాయో, దీన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో వివరంగా చెప్పాను. చివరికి నలభై వేలకి కొంచెం తక్కువలో కుదిరింది. తెలియని పెద్దవాళ్ళ దగ్గర తూకానికి కొట్టేసి, దాన్ని కలెక్షన్ అని చెప్పుకోవడం నాకు నచ్చదు. ఎవరు ఎన్నాళ్ళు వాడారో ఒక కాగితం మీద రాయించుకుని, ఆయన సంతకం కూడా తీసుకున్నాను. పాత వాచీకి అలాంటి కాగితం ఎంత విలువో కలెక్టర్లకి తెలుసు.

బాగుచేయించడం దగ్గర నాకు టెన్షన్ మొదలైంది. రద్దీగా ఉండే ఒక షాపులో ఇస్తే, అక్కడి కుర్రాడు ఒక్క చూపు చూసి "డయల్ పాతదైపోయింది మేడం, కొత్తగా కొట్టించేద్దాం. అచ్చం కంపెనీదిలా ఉంటుంది" అన్నాడు. వాచీ వెనక్కి తీసుకుని బయటికొచ్చేశాను. మన దేశంలో పాత ఫావ్రె లూబాలు, హెచ్ఎంటీలు ఎన్నిటికో ఇలా కొత్త రంగులు కొట్టారు. లోహపు డయల్‌కి అది చేయడమే నష్టం. ఎనామిల్‌కి చేయాలంటే గాజుని గీకి పారేయాలి, లేదా అసలుదే తీసేసి రంగేసిన రేకు బిళ్ళ పెట్టాలి. రెండూ ఒకటే, వందేళ్ళ పని పోతుంది.

గవర్నర్‌పేటలో ఒక సందులో పెద్దాయన ఒకరున్నారు. చిన్న బల్ల, గాజు గిన్నె కింద కప్పిన స్క్రూలు, కంటి దగ్గర బిగించుకునే అద్దం. ఆయన వాచీని చూడగానే మూత తీయలేదు. చెవి దగ్గర పెట్టుకున్నారు, కీ బటన్‌ని ఒక్క పిసరు తిప్పారు, పక్కన పెట్టి "పింగాణీ డయల్, జాగ్రత్తగా చేయాలమ్మా. తొందరైతే నా దగ్గర వద్దు" అన్నారు. నాకా మాటే కావాలి. ఎనామిల్‌నే ఆయన పింగాణీ అన్నారు. నేను పక్కన కూర్చుని చూస్తానంటే ఒప్పుకున్నారు.

ఎనామిల్ డయళ్ళు వాడకంలో కంటే మెకానిక్ బల్ల మీదే ఎక్కువ పగులుతాయని అక్కడ కళ్ళారా అర్థమైంది. ముల్లు తీయడానికి రెండు వైపులా చిన్న కడ్డీలు పెట్టి పైకి లేపుతారు. ఆ కడ్డీ బరువంతా డయల్ మీదే పడుతుంది. లోహమైతే సొట్ట పడుతుంది, గాజైతే మధ్య నుంచి పగులుతుంది. మా వాచీకి 2 వైపున్న గీత కూడా అలా వచ్చిందే అన్నారాయన, కడ్డీ ఆనే చోటే మొదలైంది మరి. ఆయన మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని ముక్కగా కత్తిరించి, మధ్యలో చీల్చి, ముళ్ళ కిందికి దూర్చి, అప్పుడు లేపారు. తర్వాత మిషన్ పక్కనున్న రెండు చిన్న స్క్రూలు వదులు చేశారు. డయల్ వెనక రెండు రాగి కాళ్ళుంటాయి, వాటిని పట్టుకుని ఉండేవి ఆ స్క్రూలే. వదులయ్యాక కూడా పట్టకారుతో పొడిచి లేపలేదు. మిషన్‌ని తలకిందులుగా అరచేతిలో పట్టుకుంటే డయల్ దానంతటదే దిగింది.

డయల్ వెనక వైపు చూడటం అదే నాకు మొదటిసారి. ముందువైపంత అందం లేదు, బూడిద రంగులో గరుకుగా ఉంది. కానీ అక్కడా ఎనామిలే. ఒక్క వైపే గాజు పోస్తే చల్లారేటప్పుడు రాగి ఒకలా, గాజు ఒకలా ముడుచుకుని బిళ్ళ వంగిపోతుంది, గాజు పగులుతుంది. రెండు వైపులా పోస్తే లాగుడు సరిపోతుంది. ఎవరికీ కనపడని ఆ వెనక పొర లేకపోతే ఎదుటి డయల్ నిలవదు. 8 దగ్గర పెచ్చు లేచినచోట పల్చటి రాగి అంచు కనిపించింది, పైన తెల్లటి పొర, మధ్యలో ఎర్రటి గీత, కింద బూడిద పొర. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయన కూడా పని ఆపి నాకు టైమిచ్చారు.

గీతలో దుమ్ము చేరి నల్లగా కనపడుతోంది. కట్టుడు పళ్ళు కడుక్కునే బిళ్ళలు వేసిన నీళ్ళలో నానబెడితే ఆ మురికి వదులుతుందని విదేశాల్లో బాగుచేసేవాళ్ళు చెప్తారు. నేను బిళ్ళలు తీసుకెళ్ళాను. ఆయన వెంటనే సరేననలేదు. ఆయన దగ్గర పనికిరాని జేబు గడియారం డయల్ ఒకటుంది, ముందు దాన్ని నానబెట్టి చూశారు. అంకెలు చెక్కుచెదరలేదు, గీత పల్చబడింది. అప్పుడు మాదాన్ని వేశారు. అంకెలు కాల్చినవైతేనే ఇది చేయాలి. కొన్ని డయళ్ళ మీద షాపు పేరు మాత్రం తర్వాత రంగుతో వేసి ఉంటుంది, అది నీళ్ళలో కరిగి పోతుంది. మా డయల్ మీద పేరే లేదు కాబట్టి ఆ భయం లేదు. తీసి మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టారు. గీత పూర్తిగా పోదు, గాజులో పడ్డ పగులు అది. కానీ ఇప్పుడు వెతికితేనే కనపడుతుంది.

పెచ్చు పోయినచోట ఏం చేయాలన్నది పెద్ద చర్చే అయింది. మళ్ళీ కొలిమిలో పెట్టి నింపొచ్చు కదా అని మా ఆయన అడిగారు. కుదరదు. అంత వేడికి సెకన్ల గుండ్రాన్ని అతికించిన టంకం కరిగిపోతుంది, గీతలో మిగిలిన మురికి ఉడికి బుడగలేస్తుంది, అంకెలు పాడైపోతాయి. ఇక మిగిలింది తెల్లటి రెసిన్‌తో నింపడం. చూడ్డానికి బాగుంటుంది, అయితే అది గాజు కాదు, కొన్నేళ్ళకి పచ్చబడుతుంది. పైగా పెచ్చు చాలావరకు అంచు రింగు కిందికి పోతుంది. అలాగే ఉంచేయమన్నాను. ఉన్న గాజంతా అప్పటిదే, మధ్యలో ఇప్పటిది ఒక్క చుక్క కూడా లేదు. నాకు అదే ముఖ్యం.

మిషన్ పని మామూలుగానే సాగింది. విడదీసి కడిగారు, ఎండి జిగురైపోయిన నూనె తీసి కొత్తది పెట్టారు, మెయిన్ స్ప్రింగ్ అలసిపోతే సరిపోయేది వెతికి వేశారు. వాచీ వేగాన్ని అదుపులో ఉంచే బ్యాలెన్స్ వీల్ బాగుంది, అదృష్టం. పాత గాజు గ్లాసు అంచు చిట్లి ఉంటే ప్లాస్టిక్‌ది వేశారు, అసలుదాన్ని పొట్లం కట్టి నాకిచ్చారు.

బెల్టు దగ్గర చిన్న చిక్కు. ఆ కాలపు వాచీలకి బెల్టు పట్టే కడ్డీలు డొక్కుకే అతికేసి ఉంటాయి, ఊడి రావు. షాపుల్లో దొరికే బెల్టులు వాటికి ఎక్కవు. ఆ కడ్డీల సందులోంచి దూర్చి వాచీ కిందుగా తీసుకెళ్ళే ఒకే పొడవాటి తోలు పట్టీ కావాలి. ఏలూరు రోడ్డులో చెప్పులు కుట్టే ఆయనకి కాగితం మీద కొలతలు గీసిచ్చాను. పల్చటి తోలుతో చక్కగా కుట్టాడు, అంచులు రాసి నున్నగా చేశాడు. వాచీ వీపు చెమటకి తగలకుండా ఆ పట్టీయే అడ్డుంటుంది. మన ఎండలకి అది కావాల్సిందే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కీ ఇస్తాను. రోజుకి రెండు మూడు నిమిషాలు ముందుకెళ్తుంది, నాకు ఫర్వాలేదు. నీళ్ళు, గోడలు, బస్సులో కడ్డీలు, వీటన్నిటికీ దూరంగా ఉంచుతాను. ఇందులో అదురు తట్టుకునే ఏర్పాటు ఏదీ లేదు, నేల మీద పడితే మిషనూ పోతుంది, డయలూ పోతుంది. స్కూటర్ మీద వెళ్ళేటప్పుడు పెట్టుకోను. మే నెలలో అసలు బయటికే తీయను. డయల్ ముందు వెనక ఫొటోలు, పెద్దాయన రాసిచ్చిన కాగితం, పాత గ్లాసు ఒకే డబ్బాలో పెట్టాను. మా అమ్మాయికి చూపించి, దీనికి రంగు వేయించకూడదని ఇప్పటినుంచే చెప్తున్నాను.

మీ ఇంట్లో తెల్ల డయల్ పాత వాచీ ఉంటే ముందు పగటి వెలుతురులో వంచి చూడండి. అంకెల మీద గోధుమ రంగు ముద్ద ఉంటే మూత జోలికి పోకండి. లేకపోతే తొందరపడని మెకానిక్‌ని వెతుక్కోండి. ముల్లు తీసే ముందు డయల్ మీద కాగితం పెడతారా అని అడగండి. పెడతామంటేనే వాచీ చేతికివ్వండి.